మా లైనులో కాలువ తీసిన ఆదివారం

వాన వెలిసిన మర్నాడు, బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో మా ఇంటి ముందు కాలువ వెంట బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. ఆ ఘాటుకి మా కోడలు కిటికీలన్నీ మూసేస్తుంది. నేను మాత్రం గుమ్మంలో నిలబడి ఊపిరి నిండా పీలుస్తాను. ఆ వాసన వస్తే చాలు, నాకు పదేళ్ళప్పుడు ఇదే ఊళ్ళో మేమున్న నిమ్‌పురా, అక్కడి రైల్వే క్వార్టర్లు, మోకాళ్ళదాకా బురద పూసుకున్న మా నాన్న కళ్ళ ముందుకొస్తారు.

ఎర్ర ఇటుకల క్వార్టర్ల వరసని మేము లైను అనేవాళ్ళం. యార్డులో రైలు పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు వింటూ నిద్రపోయి, ఇంజన్ల షెడ్డు సైరనుకి లేచి, కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడేవాళ్ళం. చలికాలం వస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి కుండల్లో ఈతబెల్లం వచ్చేది. మామ్మ ఆ బెల్లంతోనే క్రిస్మస్‌కి అరిసెలు వండేది. పొగ వాసనతో నల్లగా మెరిసే ఆ అరిసెలు పళ్ళాల్లో బెంగాలీ ఇళ్ళకీ ఒడియా ఇళ్ళకీ వెళ్ళేవి, ఆ పళ్ళాలే కొబ్బరి ఉండలతో తిరిగొచ్చేవి. పెంకుముక్కతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఏ గడప పడితే ఆ గడప ఎక్కేసే మాకు, ఎవరు ఏమిటన్నది తెలిసేది కాదు. పెద్దవాళ్ళు అది మరిచిపోలేదని ఆ ఏటి వానల్లో తెలిసింది.

ఆ ఏడు వానలు వదల్లేదు. క్వార్టర్ల వెనక కాలువ పూడిపోయి, మురుగు పెరట్లోకెక్కి, కుళాయి గట్టు చుట్టూ నిలిచిపోయింది. లైనులో పచ్చకామెర్లు మొదలయ్యాయి. పక్కింటి సువర్ణ, నా తొక్కుడుబిళ్ళ జట్టు, కళ్ళు పసుపు ముద్దల్లా అయి మంచం పట్టింది. కిటికీలోంచి పలకరిస్తే చెయ్యి ఎత్తడానికి కూడా ఓపిక లేక కళ్ళతోనే నవ్వేది. కాలువ సంగతి రైల్వే ఆఫీసులో ఎవరెవరికో చెప్పి చూశారు. అన్నిచోట్లా నీళ్ళే, మా వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఒక సాయంత్రం మగవాళ్ళంతా కుళాయి దగ్గర చేరారు. ఎదురింటి బెంగాలీ ఆయన గూడ్సు బండ్లకి గార్డు, మా అందరికీ గార్డు దాదా, వాళ్ళ భాషలో దాదా అంటే అన్న. ఆదివారం మనమే కాలువ తీసుకుందామన్నది ఆయనే. అందరూ తలలూపారు. అప్పుడు చివరింటి గుమస్తాగారు, మన తెలుగువాడే, చాలా మామూలుగా మా నాన్నతో అన్నాడు.

"మీ అయ్య సేసిన పనే గదా యేసోబూ. నువ్వూ, మీ సర్చి కుర్రాళ్ళూ ఓ పూట కానిచ్చేయండి. టీలూ అయ్యీ మేం సూసుకుంటాం."

నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డ నాకు ఆ చెయ్యి బిగుసుకోవడం తెలిసింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో కాలువలు తీసే పనికే వచ్చాడు. కొడుకుని ఆ పనికి దూరంగా ఉంచాలని చదివించాడు. నాన్న షెడ్డులో ఫిట్టరయ్యాడు.

ఇంటికొచ్చాక నాన్న కంచం ముందు కూర్చుని అన్నాడు, "నాను ఎల్లను. మా అయ్య సచ్చేదాకా పార పట్టినాడు, నన్ను ముట్టనివ్వలేదు."

"పక్కింట్లో పిల్ల పచ్చగయిపోయి పడుంది," అంది అమ్మ.

నాన్న ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. మూలన కూర్చున్న మామ్మ అంది, "అందరూ దిగితే దిగు. నీ ఒక్కడికే పార ఇత్తే మాత్రం ముట్టుకోకు."

ఆదివారం పొద్దున్న నాన్న తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ప్రార్థనకి వెళ్ళలేదు, కాలువ దగ్గరికీ వెళ్ళలేదు. మా ఇంటి పక్క సందులోంచి చూస్తే కాలువ గట్టు కనిపించేది. గార్డు దాదా లుంగీ ఎగ్గట్టుకుని, సరిగ్గా గుమస్తాగారి పెరటి వెనక, మోకాళ్ళ లోతు మురుగులోకి తనే ముందు దిగాడు. ఇంటింటినీ పేరు పెట్టి పిలిచాడు. ఒడియా ఇంటి అన్నదమ్ములు దిగారు. గుమస్తాగారు తలుపు చాటున తటపటాయిస్తుంటే ఆయన భార్య పార తెచ్చి చేతిలో పెట్టింది. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఆయనా దిగాడు.

అప్పుడు గార్డు దాదా ఆ బురద కాళ్ళతోనే మా గుమ్మం దాకా వచ్చాడు. తనకొచ్చిన తెలుగులో అన్నాడు, "యేసోబ్ భాయ్, అందరం దిగినాం. నువ్వు దిగొద్దు. పైన నిలబడి బుట్ట అందుకో, ఠీక్ హై?"

నాన్న ఆయన కాళ్ళకేసి చూశాడు. లోపలికెళ్ళి చొక్కా విప్పి, షెడ్డుకి వేసుకునే పాత ఖాకీ నిక్కరు తొడుక్కొచ్చాడు.

"పైనెందుకు దాదా," అన్నాడు. "నీ పక్కనే ఉంటాను."

మధ్యాహ్నానికి కాలువ కదిలింది. నీళ్ళు నల్లగా, తర్వాత ఎర్రమట్టి రంగులో పారాయి. ఆడవాళ్ళు సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లారు. అందరూ మా పెరటి గట్టు మీదే కూర్చుని మరమరాల్లో ఆవనూనె కలుపుకుని, మామ్మ పెట్టిన చింతకాయ పచ్చడి నంజుకుని తిన్నారు. గుమస్తాగారు నాన్న పక్కనొచ్చి కూర్చుని, "ఆ పొద్దు అలగ అనకుండా ఉండాల్సింది," అన్నాడు. నాన్న పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపాడు.

తర్వాత నెలకో ఆదివారం ఆ పని అలవాటైపోయింది. గట్టు మీద బంతి మొక్కలు వేశారు, కుళాయి చుట్టూ ఇటుకలు పరిచారు. క్రిస్మస్ నాటికి సువర్ణ లేచి తిరిగింది. నూనె వస్తువు పెట్టకూడదని వాళ్ళమ్మ కాపలా కాస్తుంటే, అరిసె ముక్క వాసన చూసి తిరిగిచ్చేసింది.

మొన్న వానల్లో ఆటోలో నిమ్‌పురా వైపు వెళ్తూ దిగాను. లైను లేదు. క్వార్టర్లు ఎప్పుడో కొట్టేశారట, చుట్టూ కంచె, లోపల నడుమెత్తు గడ్డి. గార్డు దాదా లేడు, నాన్నా లేడు. సువర్ణ ఏ ఊళ్ళో ఉందో తెలియదు. కంచె దగ్గర కాపలా కుర్రాడు ఎవరు కావాలని బెంగాలీలో అడిగాడు. మా ఇల్లు ఇక్కడే ఉండేదన్నాను. ఏ ఇల్లని మర్యాదగా అడిగాడు. గార్డు దాదా ఇంటి ఎదురుగా అనబోయి, ఆగిపోయాను. ఆ మాట చెబితే అర్థం చేసుకునేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.