నోట్లో బెల్లం పెట్టే మనిషి

గున్నమ్మది మొండిఘటం. చోడవరంలో ఆవిడ కుట్టిన అడ్డాకు విస్తర్లు లేకుండా పెళ్లి బంతి సాగేది కాదు. ఆవిడింట్లో మాత్రం ఒక్క విస్తరే. పిల్లల్లేరు, మొగుడు పోయేడు. ఒక్క గోడకి అవతల తోటికోడలు అప్పయమ్మ కాపురం. మొగుడు పోయిన రోజున ఏడుపులో ఉండి, "ఇప్పుడు నీ కళ్లు సల్లబడ్డాయా అప్పా?" అనేసింది గున్నమ్మ. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ మాటలు పోయేయి. అక్కడ దగ్గితే ఇక్కడ వినిపిస్తుంది, ఇక్కడ గిన్నె పడితే అక్కడ వినిపిస్తుంది. ఏం మనుషులో గానీ, అలాగే ఏళ్లు గడిపేసేరు.

షుగరు జబ్బుకి గున్నమ్మ రోజూ పొద్దున్నే ఆసుపత్రికెళ్లి సూది వేయించుకునేది. డెబ్భైరెండు చివర్లో ప్రత్యేకాంధ్ర గొడవలొచ్చి ఆఫీసులన్నీ సమ్మెకి దిగేయి.

"రేపట్నించి తలుపులు తీస్తామో లేదో తెలీదమ్మా. నీ సూది నువ్వే ఏసుకోవాల," అన్నాడు కాంపౌండరు యెహోషువ. వంకాయొకటి చేతికిచ్చి, గాజు సిరంజిలోకి మందెలా లాగాలో, గాలి బుడగ ఎలా పోగొట్టాలో చూపించేడు. ఆకులో పుల్ల గుచ్చే చెయ్యి కదా, ఇట్టే పట్టేసింది.

"సెయ్యి బాగుంది. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎందుకు బాబూ?"

"సూది ఏసుకుని తిండి ఆలిస్యం సేస్తే కళ్లు తిరుగుతాయి, సెయ్యి ఆడదు. అప్పుడు నోట్లో బెల్లం ముక్క పెట్టే మనిషుండాల. లేపోతే నేను సిరంజి ఇవ్వను."

గున్నమ్మ తల దించుకుంది. "మా తోటికోడలుంది," అంది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఇంటికొచ్చి మందు సీసాని చల్లగా ఉండాలని తడి ఇసక కుండలో దాచింది. మర్నాడు సిరంజి నీళ్లలో మరగబెట్టి, తొడ మీద చర్మం పట్టుకుని కూచుంది. వంకాయ వేరు, తన ఒళ్లు వేరు. భయపడకే అనడానికైనా పక్కన మనిషి లేదని అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పొడుచుకుంది.

కొన్నాళ్లు బాగానే జరిగింది. ఒకరోజు సూదయ్యేక మాడుగుల నుంచి బండి మీద ఆకుల మోపులొచ్చేయి. దింపించుకునే హడావిడిలో గంజి తాగడం మర్చిపోయింది. బండి వెళ్లిపోయేక చెమటలు పట్టేయి, కాళ్లు తేలిపోయేయి. బెల్లం ఉట్టి మీదుంది. "అప్పా" అందామని నోరు తెరిచింది. పిలుపు రాలేదు, సిగ్గో నీరసమో. గోడ పట్టుకుని లేచి ఉట్టి లాగేసింది. బెల్లం కుండ పగిలింది. నేల మీద కూలబడి, మట్టీ బెల్లమూ కలిపే నమిలింది. గోడవతల అలికిడి లేదు. అప్పయమ్మ ఇంట్లో లేదో, వినీ రాలేదో తెలీలేదు. ఆ తెలీకపోవడమే గున్నమ్మని ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రం పౌరుషం దిగమింగి వాళ్ల గుమ్మంలోకెళ్లింది. అప్పయమ్మ బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"అప్పా, ఆ రోజు నోటికొచ్చింది అనేసేను. తప్పే. ఇప్పుడు నాకీ సూది జబ్బు. ఏ పొద్దున పడిపోతానో తెలీదు. రేపట్నించి సూదీ గంజీ అయ్యేకే ముగ్గేస్తాను. ఎండెక్కినా నా గుమ్మంలో ముగ్గు లేపోతే ఓపాలి తలుపు కొట్టు. ఇంకేటీ అడగను."

అప్పయమ్మ చేట అటు తిప్పుకుంది. గున్నమ్మ వచ్చేసింది.

మర్నాడు సూది వేసుకుంది, గంజి తాగింది. ముగ్గుపిండి గుప్పిట్లోకి తీసుకుంది గానీ తలుపు తియ్యలేదు. బుద్ధి తక్కువ పనని తెలుసు. అయినా తెలుసుకోవాలి కదా. ఎండ తలుపు సందుల్లోంచి లోపలికొచ్చింది. గోడవతల చీపురు చప్పుడు ఆగింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. సరేలే, నాకింతే అనుకుని లేవబోతుంటే తలుపు మీద దెబ్బ పడింది.

"గున్నా. ఒసే గున్నా, ఉన్నావా?"

గున్నమ్మ వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది, తియ్యలేదు. తనని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేక ఎన్నేళ్లయిందో. ఇంకోసారి పిలిపించుకుందామని అలాగే నిలబడింది.