ఆ చెప్పులు కాస్త తగ్గించండిరా

మా ప్రెస్సులో ఆవిడను ఎదురుగా అమ్మా అనేవాళ్ళం, చాటున దిద్దుబాటమ్మ అనేవాళ్ళం. చాటు పేరు కూడా ఆవిడకు తెలుసు. అందులో అచ్చుతప్పు లేదు కాబట్టి ఊరుకుందని మా అనుమానం. పాఠ్యపుస్తకాలు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు, క్యాలెండర్లు, కరపత్రాలు, ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ముందు ఆవిడ బల్ల మీదికి రావలసిందే. నేను పక్క గదిలో కంప్యూటర్ మీద పేజీలు పెట్టేదాన్ని. నా పేజీ తిరిగి వచ్చేసరికి ఎర్రసిరాతో ఒళ్ళంతా తట్టు పోసినట్టుండేది.

ఒకసారి టైర్ల కొట్టువాళ్ళ ప్రకటనలో "నమ్మకమే మా బలం" అని ఉండాల్సిన చోట "అమ్మకమే మా బలం" అని కొట్టాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను పిలిచింది.

"ఇలా ఉంచినా అబద్ధమేం కాదనుకో. అయినా దిద్దు."

ఆవిడా తమ్ముడూ ఉండే ఇల్లు ప్రెస్సు వెనక వీధిలోనే. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. అతను లిఫ్టులు బాగుచేసేవాడు. పని లేనప్పుడు బేస్ గిటారు. ఇంకో ఇద్దరితో కలిసి "సగం మెలకువ" అని ఒక బ్యాండు పెట్టుకున్నాడు. గిటారు వాయించే కుర్రాడు ఎప్పుడూ వైర్ల మధ్య చిక్కుకుని ఉంటాడని వాడికి వైరు అని పేరు. డ్రమ్ములాయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు, నెమ్మదస్తుడు. ముగ్గురూ ఆవిడ ఇంటి ముందుగదిలోనే వాయించేవాళ్ళు. సైకెడెలిక్ రాక్ అంటారట దాన్ని. వైరు కాళ్ళ దగ్గర చిన్న చిన్న పెట్టెలు బోలెడుంటాయి. ఒక్క తీగ మీటితే ఆ శబ్దం వాటిలో దూరి, సాగి, మెలికలు తిరిగి, గోడలకు తగిలి, మనం ఏ పని మీద వచ్చామో మర్చిపోయేదాకా వదలదు. ఆవిడ మాత్రం "కళ్ళు తిరిగే సంగీతం" అని ఒక్క ముక్కలో తేల్చేసి చెవుల్లో దూది పెట్టుకుని వంటింట్లోకి పోయేది.

వాళ్ళ వెనక ఏ కంపెనీ లేదు. వాళ్ళే వాయించి, వాళ్ళే రికార్డు చేసి, నెట్లో పెట్టేవాళ్ళు. విన్నవాళ్ళు విన్నారు. అయితే వాళ్ళ పద్ధతి ఒకటుంది, అది నాకు తమ్ముడే చెప్పాడు, మా ప్రెస్సు లిఫ్టు మొరాయించి అతను బాగుచేయడానికి వచ్చిన రోజు.

"మేం పాట రాసుకోం. రికార్డర్ ఆన్ చేసి వాయిస్తూ పోతాం. ఎవడో ఒకడు తప్పుతాడు కదా, వాడు ఆగకూడదు. మిగతా ఇద్దరం వాణ్ణి వెనక్కి లాగకూడదు. వాడెక్కడికి పోయాడో మేమే అక్కడికి పోవాలి. మళ్ళీ మొదట్నుంచి అనే మాటే లేదు మా దగ్గర."

"మరి పాటెక్కడ?"

"అలా ముగ్గురం వెళ్ళి కలిసిన చోటే పాట. మర్నాడు పొద్దున విని, ఆ చోటు ఒక్కటే ఉంచుకుంటాం."

నేను ఇది దిద్దుబాటమ్మకు చెప్తే ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఒకడు గోతిలో పడితే మిగతా ఇద్దరూ దూకుతారన్నమాట. బాగుంది సంబడం" అంది.

ఒక మధ్యాహ్నం, సైన్సు పుస్తకం ప్రూఫు చూస్తుండగా ఆవిడ చేతిలో పెన్ను జారిపోయింది. ఆసుపత్రిలో మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. చెయ్యీ కాలూ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాటే తిన్నగా రాలేదు. మొదటి అక్షరం సరిగ్గానే బయల్దేరేది, మిగతా మాట దారిలో పక్కింట్లో దూరేది. "కాస్త నీడ తీసుకురా, మంచం వేసుకోవాలి" అంటే నీళ్ళు తెమ్మని, మందు వేసుకోవాలని. అసలు బాధ ఏమిటంటే, మాట బయటపడ్డాక అది తప్పని ఆవిడకు తెలిసేది. దిద్దబోతే ఇంకోటి వచ్చేది. ఇంత పట్టింపున్న మనిషికి ఇలాంటి జబ్బు పెట్టినవాడెవడో గానీ వాడికి బుద్ధి లేదని నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

చూడడానికి ఎవరొచ్చినా ఆవిడ మూగదానిలా కూర్చునేది. ఇంట్లో తమ్ముడితో మాత్రం అరాకొరా మాట్లాడేది. మాటలు నేర్పే డాక్టరమ్మ నా ముందే అతనికి గట్టిగా చెప్పింది.

"తప్పైనా ఒప్పైనా ఆవిడ చేత మాట్లాడించండి. నోరు కట్టేసుకుని కూర్చుంటే ఉన్న మాటలు కూడా పోతాయి. పోయాక నేను తేలేను."

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున ముందుగదిలో ముగ్గురూ వాయిస్తున్నారు. ఆవిడకు తలనొప్పి. తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ చెప్పులు కాస్త తగ్గించండిరా! నా తలుపు పగిలిపోతోంది!"

చప్పుడు తగ్గించమని, తల పగిలిపోతోందని. తమ్ముడి వేళ్ళు తడబడి ఇంకేదో తీగ మీద పడ్డాయి. పద్ధతి పద్ధతే కదా, అతను ఆగలేదు. డ్రమ్ములాయన చప్పుడు తగ్గించి అతని వెంట వెళ్ళాడు, వైరు ఆయన వెంట వెళ్ళాడు. రికార్డర్ తన పని తాను చేసుకుపోయింది. ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది.

మర్నాడు విన్నప్పుడు వైరు ఎగిరి గంతేశాడట. ఇన్నేళ్ళలో ఇంతకన్నా మంచి చోటు తమకు దొరకలేదన్నాడట. ఆ కేక చుట్టూ పాట కట్టడం మొదలుపెట్టారు. కట్టడమంటే ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ వినాలి. వంటింట్లో ఉన్న మనిషికి తన గొంతే గోడ అవతల నుంచి వినిపించింది, చెప్పులు, తలుపు, చెప్పులు, తలుపు. ఒక్కసారి నోరు జారితేనే చచ్చిపోయినంత సిగ్గుపడే మనిషి. ఆ రోజు నుంచి ఆవిడ తమ్ముడితో కూడా మాట్లాడడం మానేసింది.

వారం తిరక్కుండా అతను నా దగ్గరికొచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"చెయ్యి చూపిస్తుంది, కళ్ళతో చెప్తుంది. నోరు తెరవదు. నేనే చేశానిది. ఉన్న నాలుగు మాటలూ నా వల్లే పోతే ఏం చెయ్యను?"

"ముందు ఆ గొంతు తీసేయ్" అన్నాను. ఎవరైనా ఇచ్చే సలహానే.

తీసేశాడు. వైరు రెండు రోజులు అలిగి, మళ్ళీ వచ్చాడు. అయితే గొంతు తీసేసిన ఆ చోటును ముగ్గురూ దేనితోనూ నింపలేదు. ఆ రోజు అక్కడ వాయింపు ఎలా తగ్గించారో అలాగే ఉంచారు. తీసేశామని తమ్ముడు చెప్పినా ఆవిడ తల ఊపిందే గానీ పెదవి విప్పలేదు. వేసవి అంతా అలాగే గడిచింది. డాక్టరమ్మ దగ్గర కూడా అంతే. ఈసారి డాక్టరమ్మ అతన్ని కోప్పడలేదు, అది చూసి నాకు భయం వేసింది.

ఒక పాత గోడౌనులో వాళ్ళు కచేరీ పెట్టుకున్నారు. ఆవిడను నేనే తీసుకెళ్ళాను. ఒంటరిగా ఇంట్లో వదలలేక గానీ, సంగీతం మీద మా ఇద్దరికీ మోజేం లేదు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇస్తే తీసుకుని సంచిలో వేసుకుంది. జనం ఒక మోస్తరుగా వచ్చారు, చాలామంది నేల మీదే కూర్చున్నారు. చివర్లో ఆ పాట వచ్చింది. బేస్ నెమ్మదిగా ఒకే చోట తిరుగుతూ, గిటారు దాని మీద పొగలా పాకుతూ, డ్రమ్ములు ఎక్కడో కిందనుంచి. ఉన్నట్టుండి తమ్ముడు ఆ తప్పుడు తీగ మీదికి పోయాడు, మిగతా ఇద్దరూ చప్పుడు తగ్గించి అతని దగ్గరికి వెళ్ళారు. ఇంక అక్కడేమీ లేదు. ఎవరో ఏదో అనబోతున్నట్టు గోడౌను మొత్తం ఎదురుచూస్తోంది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

పాట అయిపోయింది, చప్పట్లు అయిపోయాయి. జనం ఇంకా లేవలేదు. ఆవిడ లేచింది. నేల మీద కూర్చున్నవాళ్ళను దాటుకుంటూ తిన్నగా వేదిక దగ్గరికి నడిచింది. తమ్ముడు వంగి గిటారు కేబుల్ చుడుతున్నాడు.

"నా గొడుగేదిరా?"

గట్టిగానే అంది. ముందు వరసలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. నేను సంచిలో వెతకబోయాను. ఆ రోజు వాన కూడా లేదు, గొడుగు మేం తేలేదు. తమ్ముడు మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నీకు నచ్చలేదని తీసేశానక్కా, నీ గొడుగు. పారెయ్యలేదు, దాచాను."

"ఎవర్నడిగి తీశావు? అంత ఖాళీ పెట్టి, అందరూ నా గొడుగు కోసం చూస్తుంటే!"

"రేపే పెట్టేస్తాను."

"అది వద్దు. అది పాతది. కొత్తది చెప్తాను."

"ఏం చెప్తావు?"

ఆవిడ కాస్త ఆలోచించింది. ఏ అక్షరాన్నీ ఊరికే వదలని మనిషి, జనం అందరి ముందూ అంది:

"ఏదొస్తే అది."

తమ్ముడు చేతిలో కేబుల్ వదిలేసి అక్కడే చతికిలబడ్డాడు. నాకు కళ్ళు మసకలు కమ్మాయి, ముక్కు చీదుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి చిరాకుపడింది.

"ఇప్పుడు నీకెందుకే ఏనుగు?"

అన్నాక ఆవిడకే తెలిసింది. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. పెదవులు మళ్ళీ బిగుసుకోబోతున్నాయి.

"ఏం లేదమ్మా, ఊరికే వచ్చింది ఏనుగు" అన్నాను. "అదే పోతుంది."