కంట్లో కారం లేని బొమ్మ

ఇంకొకరి బొమ్మను సరిదిద్దేంత మూర్ఖుణ్ణి నేను. ఎనభైల్లో గుంటూరు దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేసేవాణ్ణి. జీతం డ్రా చేయడం తప్ప నాకు వేరే డ్రాయింగు రాదని పిల్లలు చెప్పుకునేవారు. వాళ్లది తప్పని నేనెప్పుడూ రుజువు చేయలేకపోయాను.

మా మేడమీద గదిలో కెన్యా నుంచి చదువుకోవడానికి వచ్చినతను అద్దెకుండేవాడు. ఆయిల్ రంగులతో బొమ్మలు వేసేవాడు. అతని అరకొర తెలుగూ నా అరకొర ఇంగ్లీషూ కలిస్తే మాకు సరిపడా భాష తయారయ్యేది.

స్కూలు వార్షికోత్సవంలో చిత్ర ప్రదర్శనకు అతన్నీ ఒక బొమ్మ అడిగాను. రెండు రోజులు తటపటాయించి, గుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు. ఇద్దరు నల్లటి మగవాళ్లు. ఒకతను రెండో అతని ముఖాన్ని అరచేతుల్లో పట్టుకుని పెదవులు దగ్గరకు తెచ్చాడు. రెండో అతను కళ్లు మూసుకున్నాడు.

మిరప పండే ఊళ్లో పుట్టినవాడికి ఇది ఇంకోలా ఎలా కనిపిస్తుంది? కాయలు ఎండబోసే కాలంలో వీధికొకరి కంట్లో కారం పడుతుంది. పక్కనున్నవాడు మొహం పట్టుకుని ఉఫ్‌మని ఊదుతాడు. మా నాన్నకు నేను ఊదాను. నాకు దారినపోయే ఆయనెవరో ఊదాడు. పరదేశి అయినా మన ఊరిని ఎంత బాగా పట్టాడు, మిరపకాయలు మాత్రం మరిచిపోయాడే పాపం అనుకున్నాను. నాకు బుద్ధి పుట్టింది. పుట్టి మునిగింది. స్కూలు పోస్టరు కలర్లు తీసి, ఆ ఇద్దరి పక్కన నోరు తెరిచిన ఎండుమిర్చి బస్తా వేశాను. అట్టముక్క మీద ‘కంట్లో కారం’ అని పేరు రాసి తగిలించాను.

ప్రదర్శన రోజు అతను వచ్చి చాలాసేపు చూశాడు.

“ఈ మిర్చి ఎవరు వేశారు మాస్టారూ?”

“నేనే. నువ్వు మర్చిపోయావుగా.”

“కంట్లో ఏం పడలేదండి. అది ముద్దు. ఒకడు నేను. ఇంకొకడు మా ఊళ్లో ఉన్నాడు.”

అట్ట మీద నేను రాసిన పేరును అరచేత్తో మూశాను.

“మా దేశం బొమ్మల్లో అందరూ ఉంటారు. డప్పు కొట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, సింహాలు కూడా. మాలాంటివాళ్లం ఉండం. ఇక్కడ ఒక్కసారి ఉందామనుకున్నా.”

తడిగుడ్డ కోసం చూస్తుంటే స్కూలు నడిపించే మా కరెస్పాండెంటు గారు వచ్చారు. అతను ఆయనకూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“ఏందయ్యా మాస్టారూ! ఇది స్కూలనుకున్నావా, ఇంకేమన్నానా? ఆ మిరపకాయలూ ఆ పేరూ అట్టాగే ఉండాల. తుడిచావంటే బొమ్మ పొయ్యిలోకి, నువ్వు ఇంటికి!”

“అట్టాగేనండి” అన్నాను.

పైగా ఆయన దాన్ని తన ఆఫీసు గోడకు తగిలించుకుని, వచ్చినవాళ్లందరికీ కూలీల అన్యోన్యత గురించి ఉపన్యాసం ఇచ్చేవారు.

చదువయ్యాక అతను బొమ్మ తీసుకెళ్లలేదు. “అక్కడ దొరికితే ఇద్దరికీ ప్రమాదం. ఇక్కడే ఉండనివ్వండి. మిర్చి మాత్రం తీసేయండి మాస్టారూ. దాని పేరు ‘నేనూ, అతనూ’.”

తీస్తానన్నాను. రెండేళ్లు తీయలేదు. నా మాటకూ నా ఉద్యోగానికీ పోటీ పెడితే ఎప్పుడూ ఉద్యోగమే గెలిచేది.

మూడో ఏడు సున్నాలు వేయిస్తూ గోడల మీదివన్నీ దించి నా గదిలో పెట్టారు. తలుపేసుకుని తడిగుడ్డతో రుద్దాను. ఆయిల్ రంగు మీద పోస్టరు కలరు ఎంతసేపు నిలుస్తుంది? బస్తా మొత్తం గుడ్డలోకి వచ్చేసింది. కొత్త అట్ట మీద అతను చెప్పిన పేరు రాసి, సున్నాలయ్యాక మళ్లీ ఆఫీసు గోడకే తగిలించాను.

కరెస్పాండెంటు గారు గమనించలేదు. రోజూ చూసే గోడను ఎవరు చూస్తారు? తనిఖీకి వచ్చిన జిల్లా అధికారి చూశారు.

“ఎవరండీ వీళ్లిద్దరూ?”

కరెస్పాండెంటు గారు తలెత్తి, బొమ్మలో మిరపబస్తా కోసం వెతికారు. నా నోరు ఆగలేదు. “ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్లండి. ఈ బొమ్మ వేసింది వాళ్లలో ఒకరే.”

అధికారి కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికెళ్లి చూశారు. “ఎంత నిజంగా ఉందో! ఏమంటారండీ?” అని కరెస్పాండెంటు గారివైపు తిరిగారు.

పై అధికారుల ముందు ఆయనకు ఒకటే జవాబు వచ్చు. “అవునండి” అన్నారు, గొంతులోనే.

నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమన్నారండీ? సరిగ్గా వినపళ్లేదు” అన్నాను.