తొంభైతొమ్మిదిని ఎవలు సూస్తరు?

పోయిన ఆదివారం మా చర్చిలో చెప్పులు విడిచే చోట, గుమ్మానికి పైన, సీసీ కెమెరా బిగించారు. దేవరయాంజాల్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి కొత్త ముఖాలు ఎక్కువయ్యాయని, ఎవరు ఎవరో తెలియడం లేదని సంఘ పెద్దలు అన్నారు. మా పెద్దమ్మ బతికున్నన్నాళ్లు మాకు కెమెరా అవసరం రాలేదు. రెండో వరుసలో గోడకు ఆనుకుని, ఒక కన్ను పాస్టరు అయ్యగారి మీద, ఒక కన్ను చెప్పుల మీద పెట్టి కూర్చునేది. ప్రార్థనలో అందరం కళ్లు మూసుకున్నా ఆమె మూసేది కాదు. ఇదేం భక్తి పెద్దమ్మా అని అడిగితే, "అందరం మూస్కుంటే ఎట్లనే? దొంగ గూడ గా టైముకే సూస్తుంటడు" అనేది.

ఆమె అనుమానం మనుషులతో ఆగేది కాదు, బైబిలు వాక్యం దాకా వెళ్లేది. దేవుడి మీద గట్టి నమ్మకమే. ఆయన చెప్పింది మనుషులు సరిగ్గా రాసుకున్నారా అన్నదే సందేహం. చిన్నతనంలో మేకలు కాసింది, పెళ్లయ్యాక కలుపు తీయడానికి పోయింది, ఆ తర్వాత బర్రెను సాకి పాలు పోసింది. విన్న ప్రతి మాటనూ వాటితోనే కొలిచేది. కలుపును కోతదాకా పైరుతోపాటే ఉండనిమ్మన్నారని వింటే, "గట్లయితే పంట ఇంటికొచ్చినట్టే" అని మూతి తిప్పేది. నూరింటిలో తప్పిపోయిన ఒక్క గొర్రెను కాపరి వెతుక్కుంటూ పోయే ఉపమానమంటే మరీ మంట. ఆరాధన అయ్యాక అయ్యగారిని గేటు దగ్గర నిలబెట్టి, "సక్కగ కాసెటోడెవడన్న మందను అడివిల ఇడిసిపెట్టి పోతడా? ఒక్కదాని కోసం పోతే తొంభైతొమ్మిదిని ఎవలు సూస్తరు?" అని అడిగేది. ఆయన ఓపిగ్గా వివరించేవారు. ఆమె తలూపేది గానీ ఒప్పుకునేది కాదు.

అలాంటి పెద్దమ్మ కంట్లో ఒక కొత్త మనిషి పడింది. నలభై ఏళ్లలోపు ఆవిడ, సన్నగా, పొడుగ్గా ఉండేది. జవహర్‌నగర్ వైపు నుంచి షేర్ ఆటోలో వచ్చి, గుమ్మం పక్కనే కూర్చునేది. ఒళ్లో ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ముగింపు ప్రార్థనకు ముందే లేచి వెళ్లిపోయేది. "వట్టి చేతులతోటి రావాల్సిన జాగకు గంత సంచెందుకే? అందరికన్న ముందుగాల ఎందుకు పోతది?" అని పెద్దమ్మ నా చెవిలో గొణిగేది. నిజం చెప్పాలంటే, ఆమె గొణగగా గొణగగా మా అందరి చూపులూ ఆ సంచి మీదికే పోయేవి.

పెద్దమ్మ భర్త, మా పెద్దబాపుకు, అప్పటికే మతిమరుపు ముదిరింది. మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పని మానేసి ఏళ్లయినా, ఉన్నట్టుండి డ్యూటీకి టైమైందని లేచేవాడు. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో మగవాళ్ల వైపున్న పక్క తలుపు నుంచి బయటికి వెళ్లిపోయాడు. పెద్దమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ సంచి మీద ఉన్నాయి. ఆవిడ హఠాత్తుగా లేచి, సంచి చంకనపెట్టుకుని బయటికి పరుగెత్తడం మాత్రం చూసింది. కాసేపటికి పెద్దబాపు చోటు ఖాళీగా కనబడేసరికి, రెండూ కలిపి లెక్క కట్టేసింది.

అందరం తలో దిక్కూ వెతికాం. కరీంనగర్ రోడ్డు మీద, లారీలు దూసుకుపోతుంటే, బస్టాపు నీడలో ఆ ఇద్దరూ కూర్చుని కనబడ్డారు. ఆవిడ పెద్దబాపు చేయి గట్టిగా పట్టుకుని ఉంది.

"మా ముసలాయన్ను యాడికి తోల్కపోతున్నవ్?" అని పెద్దమ్మ మీదికి పోయింది.

"నేనేడికి తోల్కపోతనమ్మా? గేటు దాటి పోతుంటే సూసిన. వాపస్ రమ్మంటే ఇనలే, డ్యూటీకి పోవాలె అన్నడు. నాది గూడ గదే డ్యూటీ అని ఎంట నడిచిన."

"మరి లోపలున్న మమ్మల్ని పిలువొద్దా?"

"ఎవలని పిలువాలె? నాకు ఒక్కల పేరన్న తెల్వది."

పెద్దమ్మకు ఆ మాట ఎక్కలేదు. సంచి లాక్కుని రోడ్డు పక్కనే బోర్లించింది. మాసిన చీర, మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, చిరిగిన గ్లౌజులు, కవరులో చుట్టిన సబ్బు ముక్క. వాటితోపాటు గుప్పుమని డంపింగ్ యార్డు వాసన. పొద్దున చెత్త ఏరే పని చేసి, దారిలో స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఆరాధనకు వచ్చేది ఆవిడ. ఆ వాసన ఎవరికీ తగలకూడదనే గుమ్మం దగ్గర కూర్చునేది, జనం లేవకముందే వెళ్లిపోయేది. ఆవిడ ఒక్కొక్కటీ ఏరుకుని సంచిలో పెట్టుకుని, వచ్చిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం గుమ్మం పక్క ఖాళీ. "తప్పున్నది గనకనే రాలే" అంది పెద్దమ్మ, గొంతులో బలం లేకుండా. ఆవిడ ఆ తర్వాతా రాలేదు. పెద్దమ్మ పేరే మరిచిపోయిన పెద్దబాపు మాత్రం, చర్చికి వచ్చినప్పుడల్లా "నాతోటి డ్యూటీకొచ్చే పిల్ల ఏది?" అని అడిగేవాడు. చివరికి ఒక ఆదివారం, పాటలు ఇంకా అవుతుండగానే, పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "బండి తియ్యి."

జవహర్‌నగర్ బస్తీలో స్కూటీ ఆపగానే జనం మా చుట్టూ చేరారు. గుడిసెలు పీకించడానికి వచ్చారా, ఓట్లకా, చిట్టీలకా అని ఆరా తీశారు. పుట్టి బుద్ధెరిగాక పెద్దమ్మను ఎవరూ అట్లా ఎగాదిగా చూసి ఉండరు. "ఎవలు గావాలె? పేరేంది?" అన్నారు. పెద్దమ్మ ఇన్నాళ్లూ సంచినే చూసింది గానీ పేరు అడగలేదు. "పొడుగ్గ ఉంటది... చేతిల సంచి..." అంది.

"గీడ అందరియి సంచులేనమ్మా" అన్నాడొకాయన.

వీధి వీధీ తిరిగాం. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెతో నిలబడి ఉంది ఆవిడ. పెద్దమ్మను చూసి ముఖం గట్టిపడింది. "మల్ల ఏం పోయింది?"

"ఏం పోలే బిడ్డా. నీ పేరేందో అడుగుదామని వచ్చిన."

ఆవిడ చాలాసేపు నమ్మలేదు. దీని వెనక ఏముందోనని మా ఇద్దరి ముఖాలూ వెతికింది. ట్యాంకర్ పైపు తన బిందె దాకా వచ్చాక, నీళ్లు పట్టుకుంటూ, మా వైపు చూడకుండానే చెప్పింది. పెద్దమ్మ ఆ పేరును మరిచిపోకుండా పైకి రెండుసార్లు అనుకుంది. "మా ముసలాయన అడుగుతుండు. నేను గూడ అడుగుతున్న. రా" అంది. అంతకుమించి క్షమాపణ చెప్పడం ఆమెకు చేతకాదు.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక, వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది. "అయ్యో, మీ పెద్దబాపును ఆడనే ఇడిసొచ్చిన గదనే! సూడుమని ఒక్కలకన్న చెప్పలే!" బండి వేగం పెంచాను. కొంత దూరం పోయాక పెద్దమ్మ నెమ్మదిగా అంది: "గా గొర్రెలు కాసెటోనికి గూడ గిట్లనే యాది ఉండకపోవచ్చు."

అయ్యగారి పక్కన కూర్చుని పెద్దబాపు హాయిగా టీ తాగుతున్నాడు. ఆవిడ వెంటనే రాలేదు. వానాకాలం వెళ్లాక ఒకరోజు వచ్చి మళ్లీ గుమ్మం దగ్గరే కూర్చుంది. పెద్దమ్మ రెండో వరుస వదిలేసి పక్కన చేరింది. అలాగని మారిందా అంటే, పాలవాడి దగ్గర్నుంచి అయ్యగారి కొత్త ఫోన్ దాకా అన్నిటినీ చివరిదాకా అనుమానిస్తూనే పోయింది. ఆ ఒక్క మనిషిని మాత్రం అనుమానించలేదు. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్న రోజులు తలుచుకుంటే ఎంత కొద్దివో అనిపిస్తుంది. ఒకరిని అనుమానించడానికి ఒక్క చూపు చాలు. తెలుసుకోవడానికి కావలసినన్ని ఆదివారాలు మాత్రం ఎవరి ఆయుష్షులోనూ ఉండవు.