జతకి రెండూ పసుపువే

ఈ రోజు శుక్రవారం. కువైట్‌లో పనిచేసే మా ఊరివాళ్లకి సెలవు కాబట్టి ఓడలరేవులోని మా నెట్ సెంటర్‌కి గిరాకీ రోజు. కానీ అమలాపురం నుంచి మాకొచ్చే రెండు ఫైబర్ పోగుల్లో ఒకటి, కాలువ పూడిక తీసే యంత్రం తగిలి మొన్న తెగింది. పోవడానికొకటి, రావడానికొకటి కావలసిన పాత పరికరాలు మూలపడ్డాయి. ఒక్క పోగు మీదే రెండు పనులూ చేసే పరికరాల జత తెమ్మని నిన్న మా బాబాయిగారిని రాజమండ్రి పంపాను.

ఆ జతలో ఈ చివరకొకటి నీలం, ఆ చివరకొకటి పసుపు ఉండాలి. ఒక రంగుది పంపే కాంతిని రెండో రంగుదే అందుకుంటుంది. ఆయన రెండూ పసుపువే తెచ్చారు.

"కొట్టువాడు రంగు తేడా ఉన్నవి అంటగట్టబోయేడు. ఎడ్లజతలు కొన్నవాణ్ణి, నాకు తెలీదా? గట్టిగా అడిగి మార్పించేను," అన్నారు. కొట్టుకి ఫోన్ చేస్తే నీలంది అప్పుడే అమ్ముడుపోయిందట, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదట.

అప్పటికే సత్యవతిగారు మూడు నెలల పాపకి పౌడరు రాసి కెమెరా ముందు కూర్చున్నారు. కువైట్‌లో ఉన్న వాళ్ల నాన్న పాపని ఇంకా చూడలేదు. లైను కలవదని చెప్పాను.

"పోనీ ఒక పక్కేనా పంపండి. నాకాయన కనపడకపోయినా పర్లేదండీ, ఆయనకి పిల్ల కనపడితే చాలు."

అదీ కుదరదన్నాను. "ఆయ్," అని పాప మీద కొంగు కప్పి ఎండలోకి వెళ్లిపోయారు.

నెట్ కోసం అమలాపురం వచ్చి ఈ పోస్టు రాస్తున్నాను. వచ్చే శుక్రవారం రమ్మంటారా అని ఆవిడ అడగలేదు. అడిగుంటే ఏం చెప్పాలో మీకెవరికైనా తెలిస్తే కింద రాయండి.