ఆయన నవ్విన వారం

డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకు మా ఆయన నవ్వాడు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, పొద్దున్నే తనే చాయ్ పెట్టి నన్ను లేపాడు. దేవుడి ముందు దీపం పెట్టి ఏడ్చాను.

మర్నాడు వంటింట్లో డబ్బాలన్నీ కిందికి దించి తుడిచాడు. ఆ తర్వాత బాగానే నడుస్తున్న స్కూటర్‌ని విప్పి పార్టులన్నీ మెట్ల మీద పరిచాడు. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట. నిద్ర లేదు, అయినా అలసటా లేదు. ఉద్యోగం మానేసి కాప్రా చెరువు దగ్గర హోటల్ పెడతానన్నాడు. వంట రాని మనిషి!

నాకేమీ అర్థం కాలేదు. ఆయన నవ్వాలని మొక్కుకున్నది నేనే. మరి నవ్వుతుంటే ఈ భయమేమిటి?

సీతాఫల్‌మండి నుంచి ఆయన అక్క వచ్చింది. కాసేపు తమ్ముణ్ని చూసి, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"వీడు గిట్ల ఎన్నడన్న మాట్లాడిండా? పెండ్లిల సుత నోరు తెర్వలే."

"మంచిగైండనుకున్న వదినా."

"నిద్రపోతుండా?"

లేదని తలూపాను.

"డాక్టరుకు ఫోన్ చెయ్. మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు. ముందు అడుగు."

ఏమని అడగను? మా ఆయన సంతోషంగా ఉన్నాడు, ఏం చేయమంటారనా? నసుగుతూనే చెప్పాను. డాక్టరమ్మ నిద్ర గురించి, మాటల వేగం గురించి, కోపం గురించి అడిగింది. "ఇవాళే తీసుకురండమ్మా, రేపటిదాకా ఆగొద్దు" అంది.

"ఇంత మంచిగున్న, నాకు దవాఖాన ఏందీ?" అని ఆయన చాయ్ గ్లాసు విసిరికొట్టాడు. పెళ్లైనప్పటి నుంచి గొంతు పెంచి ఎరగడు. నేను వెనక్కి జరిగాను. వదిన మాత్రం చెయ్యి పట్టుకుని, "నా కోసం రారా, జెర" అంది. వచ్చాడు. దారంతా ఆటోవాలాకు హోటల్ సంగతులే చెప్పాడు.

కొందరికి ఈ మందు మనసును మరీ పైకి ఎత్తేస్తుందని, అది కోలుకోవడం కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాత్ర ఆపించి వేరే మందులు రాసింది. మెల్లగా నిద్ర పట్టింది. మాటలూ తగ్గాయి. మళ్లీ పనికి పోతున్నాడు.

మొన్న అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగాడు: "ఆ వారం నేను నీకు మంచిగ లేనా?"

"భయమైంది" అన్నాను. అది నిజమే. కానీ ఆ మొదటి రోజు చాయ్‌కి దీపం పెట్టి ఏడ్చిన సంగతి చెప్పలేదు. కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను.