అక్క తుడిచిన బ్లైండ్స్

మొన్న ఆదివారం పొద్దున హాల్లో స్టూలు వేసుకొని కిటికీ బ్లైండ్స్ తుడుస్తుంటే నా భార్య వచ్చి కాసేపు నిలబడి చూసింది. కుడిచేతికి పాత సాక్సు, ఎడమచేతిలో గోరువెచ్చని నీళ్ళ చెంబు, భుజం మీద పొడిగుడ్డ. "రిటైరైన ప్రిన్సిపాలు చేతికి సాక్సు తొడుక్కొనేది ఈ వీధిలో మన ఇంట్లోనే" అని నవ్వి లోపలికి పోయింది. నేనూ నవ్వినాను. సాక్సు తడిపి, గట్టిగా పిండి, ఒక్కొక్క పట్టీని వేళ్ళ మధ్య పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే పైమురికీ అడుగుమురికీ ఒకేసారి వస్తుంది. వెనకే పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే నీటి మరకలు నిలుస్తాయి. ఒక కిటికీకి నలభై పట్టీలకు పైనే ఉంటాయి కాబట్టి తొందరపడేవాడికి ఈ పని చేతకాదు. ఇదంతా నాకు నేర్పింది మా అక్క. నేర్పిందనడం కూడా సరికాదు. ఆమె చేస్తుంటే నేను చూసినాను. చూసి ఏం చేసినానో ఇట్లా బయటివాళ్ళకు చెప్పడానికి మూడేండ్లు పట్టింది.

ముందు ఈ బ్లైండ్స్ సంగతి చెప్పాలి. నేను చింతామణి కాలేజీలో ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు మా చేర్మన్ గారి గదిలో ఇవి ఉండేవి. తెల్లని సన్న పట్టీలు, పక్కన ఒక కడ్డీ. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కడ్డీని ఇట్లా తిప్పితే ఎదురుగా కూర్చున్నవాడి ముఖం మీద ఎండ పడేది, అట్లా తిప్పితే నీడ పడేది. పెద్దరికమంటే అదేనేమో అనిపించింది నాకు. చిక్కబళ్ళాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు నా భార్య పూలపూల పరదాలు చాలంది. నేను వినలేదు. హాల్లో రెండు కిటికీలకూ అల్యూమినియం బ్లైండ్సే వేయించినాను. మొదటిరోజు తాడు లాగితే ఒక పక్క సరసరా పైకి పోయింది, రెండో పక్క కిందనే ఉండిపోయింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా మెడ ఒక పక్కకు వంచి కిటికీలోంచి నందికొండను చూసినారు.

మా లేఅవుట్ దాటితే కంకర లారీలు పోయే దారి. పొద్దున తుడిస్తే సాయంత్రానికి ప్రతి పట్టీ మీదా పిండి చల్లినట్టు దుమ్ము ఉంటుంది. అది వంటింటి తాళింపు పొగతో కలిస్తే జిగటగా అంటుకొని గుడ్డకు రాదు. నాకు ఓర్పు తక్కువ. స్నానం చేసే బచ్చలింట్లో టైల్స్ కడిగే ఘాటు లిక్విడ్ ఒకటి ఉండేది. దాన్ని నీళ్ళలో కలిపి నెలనెలా స్పాంజితో బ్లైండ్స్ పైపైన రుద్దేవాణ్ణి. నిమిషంలో తళతళలాడేవి. కనపడే వైపు తెల్లగా ఉంటే చాలు, అడుగువైపు ఎవరు చూస్తారులే అనుకొనేవాణ్ణి.

మా అక్క నాకంటే పన్నెండేండ్లు పెద్దది. మిట్టేమరిలో ఇచ్చినారు. నేను హైస్కూలుకు బాగేపల్లికి పోయే మూడేండ్లూ వాళ్ళింట్లోనే ఉన్నాను. కొత్త కోడలు తమ్ముణ్ణి ఇంట్లో పెట్టుకోవడమంటే ఎన్ని మాటలు పడి ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. ఆ ఇంటికి ఇంకా కరెంటు రాలేదు. సాయంత్రమైతే లాంతరు గ్లాసు తీసి, బూడిద అద్దిన గుడ్డను లోపలికి పోనిచ్చి, మసి ఒక్క చుక్క లేకుండా తుడిచి, ఎండవైపు ఎత్తి చూసి, "ఇప్పుడు చదువుకోప్పా" అనేది. ఆమెకు చదువు రాదు. నా పుస్తకాల్లో ఉండేది కన్నడమో ఇంగ్లీషో కూడా తెలియదు. వెలుతురు సరిగా ఉందా లేదా అన్నదొకటే ఆమె చూసుకొనేది.

మూడేండ్ల కిందట ఆమె రెండు కండ్లలోనూ పొర పెరిగింది. కుడికన్ను మరీ ముదిరింది. బావ పోయి చాలా ఏండ్లయింది. ఉన్న ఒక్క కూతురు కాపురం బాగేపల్లిలో. చిక్కబళ్ళాపురంలో మంచి కంటి డాక్టరు ఉన్నాడని నేనే పట్టుబట్టి మా ఇంటికి పిలిపించినాను. ఆయన చూసి, మొదట కుడికన్ను చేద్దామని వచ్చే సోమవారానికి ఆపరేషన్ పెట్టినాడు. ఇంకా ఐదు రోజులుంది. అక్కకు చేతులు ముడుచుకొని కూర్చోవడం రాదు. మొదటిరోజే గోడ తడుముకుంటూ ఇల్లంతా తిరిగి, హాలు కిటికీ దగ్గర నిలబడి, ఒక పట్టీ అడుగున వేలు పెట్టి తీసింది. "ఏమప్పా, దీని కింద ఇంత మురికి ఉండాదే. ఎవురూ తుడవరా?" అంది. నేను ప్రతినెలా తుడుస్తానన్నాను. "పైన తుడిస్తే కింద ఎట్ల పోతాది?" అని ఆమె నవ్వింది.

శుక్రవారం పొద్దున నా భార్య తన చెల్లెలింటికి చింతామణికి పోయింది. అక్క నా పాత సాక్సొకటి అడిగి తీసుకొంది. నీళ్ళు కాచుకొని, చీరకుచ్చిళ్ళు పైకి దోపుకొని, స్టూలెక్కి మొదలుపెట్టింది. ఆమె కండ్లకు ఆ పట్టీలు మసకమసకగా తప్ప కనపడవు. అంతా వేళ్ళతోనే. ఒక పట్టీ పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచి, బొటనవేలితో తడిమి, గరుకు తగిలితే మళ్ళీ తుడిచి, తర్వాత పట్టీకి దిగేది. తాడు పోయే చిల్లి దగ్గర గోటితో మురికి గీకేది. నేను పేపరు చదువుతూ చూస్తూనే ఉన్నాను. జిగట వదిలిన చోటల్లా తెల్లరంగు కూడా పెచ్చులు పెచ్చులుగా లేచి, లోపలి బూడిదరంగు రేకు బయటపడుతోంది. అది ఆమెకు కనపడదు. నాకు కనపడింది. ఆపమని చెబుదామని నోరు తెరిచేలోపు గేటు చప్పుడైంది.

వచ్చినవాళ్ళు మా కాలేజీ వాళ్ళు. కొత్త ప్రిన్సిపాలు, ఇద్దరు లెక్చరర్లు. వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలవడానికి మధ్యాహ్నం వస్తామన్నవాళ్ళు పదకొండు గంటలకే వచ్చినారు. శాలువా కవరు, పండ్లబుట్ట చేతికిచ్చి కూర్చున్నారు. కొత్త ప్రిన్సిపాలు కుర్రవాడు, చలాకీ మనిషి. హాలంతా కలయజూసి, కిటికీ దగ్గర స్టూలు మీద మోకాళ్ళదాకా తడిసిన చీరతో నిలబడి ఉన్న అక్కను చూసి, పెచ్చులూడిన పట్టీలను చూసి, "కెలసదవరా సార్? ఒళ్ళే బ్లైండ్స్ హాళు మాడిబిట్టిదారల్లా" అన్నాడు. పనామెనా, మంచి బ్లైండ్స్ పాడుచేసిందే అని.

మా అక్క అని చెప్పడానికి రెండు మాటలు చాలు. వాళ్ళేమీ అనుకొనేవాళ్ళు కాదు, లేచి దండం కూడా పెట్టేవాళ్ళు. కానీ ఆ నిమిషంలో నాకు ఆ తడిసిన చీర, దోపుకొన్న కుచ్చిళ్ళు, చేతికి నా సాక్సు, ఇవే కనపడినాయి. నేను తల ఊపినాను. ఊపి ఊరుకోలేదు. "ఏన్ మాడోదు, హేళిదరె కేళల్ల" అన్నాను. ఏం చేసేది, చెబితే వినదు అని. ముగ్గురూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

అక్కకు చదువు రాదు కానీ కన్నడం రాకుండా ఎట్లా ఉంటుంది? మిట్టేమరి సంతలో సగం బేరాలు కన్నడంలోనే. ఆమె తిరిగి చూడలేదు. చేతిలో పట్టీ చివరిదాకా తుడిచింది. కాలితో నేల తడుముకొని మెల్లగా స్టూలు దిగి లోపలికి పోయింది. పది నిమిషాలకు ట్రేలో నాలుగు కాఫీలు పట్టుకొచ్చింది. కుచ్చిళ్ళు దించుకొంది, కొంగు భుజం నిండా కప్పుకొంది. తలవంచుకొని వాళ్ళ ముగ్గురికీ ఇచ్చి, నా దగ్గరికి వచ్చి, "కాఫీ తగొళ్ళి సార్" అంది, తీసుకోండి అని.

నా జన్మలో ఆమె నన్ను అప్పా అని తప్ప పిలవలేదు. ఆ "సార్" ఎత్తిపొడుపు కాదు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. నేనాడిన అబద్ధం నిలబడాలని ఆమె కూడా ఒక చెయ్యి వేసింది, అంతే. నేను కాఫీ తీసుకొని తాగినాను. వార్షికోత్సవానికి వస్తానని మాటిచ్చినాను.

వాళ్ళు పోయినాక నేను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ఆమె ముందుకు రావడానికి ముఖం చెల్లలేదు. మధ్యాహ్నం అన్నానికి పిలిచింది. మామూలుగానే పప్పు వడ్డించింది. మరుసటిరోజు పొద్దున చూస్తే సంచి సర్దుకొని ఉంది. "శెనక్కాయ పీకే కాలమప్పా, కూలోళ్ళు దొరికినారంట. కోత కానిచ్చుకొని వచ్చి చేయించుకుంటా" అంది. ఆమె ఫోను మోగగా నేను వినలేదు. అది సాకని నాకు తెలుసు. ఉండమనాల్సింది. కాళ్ళు పట్టుకోవాల్సింది. నేను బస్టాండుదాకా ఆటోలో తీసుకుపోయి బాగేపల్లి బస్సు ఎక్కించినాను. బస్సు కదలగానే నాకు గుండె తేలికైంది. ఈ కథలో నేను ఎక్కువ సిగ్గుపడేది తల ఊపినందుకా, ఆ తేలికకా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

చింతామణి నుంచి వచ్చిన నా భార్య, "వదినె ఎందుకు పోయింది? సోమవారం ఆపరేషన్ పెట్టుకొని?" అని గట్టిగానే అడిగింది. శెనక్కాయ అన్నాను. ఆ నెలలోనే బ్లైండ్స్ సరిచేసే మనిషి వచ్చినాడు. పట్టీని ఇటూ అటూ తిప్పి చూసి, "దీనికి యాసిడ్ లిక్విడ్ ఎవురు సార్ పోసింది? పెయింటంతా ఎప్పుడో ఉడికిపోయుండాది. జిగట పట్టుకొని ఇన్నాళ్ళు నిలిచింది, అంతే. ఉత్త నీళ్ళతో తుడిచుంటే ఇరవై ఏండ్లు వచ్చేవి" అన్నాడు. నా భార్య నా వైపు చూసింది. నేను కడ్డీ తిప్పుతూ నిలబడినాను.

అప్పుడైనా మిట్టేమరికి పోయి ఉండాల్సింది. ఫోన్లో రెండు మూడుసార్లు అడిగినాను. కోత అయిపోయిందన్నది, ఇంక రాగులన్నది, తర్వాత ఊరిజాతర అన్నది. ఆమె సాకు చెప్పిన ప్రతిసారీ నేను సరేనన్నాను. పది నెలలు పోయినాయి. ఒకరోజు మా మేనకోడలు బాగేపల్లి నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. "మామా, అమ్మ కుడికన్ను ఎర్రగా ఉండాది, తలపోటుతో పొర్లాడతాండాది." వెంటనే కారు పెట్టుకొని తీసుకురమ్మన్నాను. అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాము.

డాక్టరు చాలాసేపు చూసినాడు. పొర మరీ ముదిరి లోపల ఒత్తిడి పెరిగిందని, నరం దెబ్బతినిందని, నొప్పి తగ్గించగలము కానీ కుడికన్ను చూపు ఇంక రాదని చెప్పినాడు. ఎడమకన్ను చేస్తే బాగుంటుందన్నాడు. తర్వాత పాత చీటీ తిరగేసి, "పోయిన ఏడాదే డేట్ ఇచ్చినానే. ఎందుకమ్మా రాలేదు?" అని అడిగినాడు.

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

"చేనుపని సామీ" అంది అక్క. "పల్లెటూరోళ్ళం కదా, తెలీలేదు."

"నీ శెనక్కాయలు మన్నుగాను" అని మేనకోడలు తల్లిని తిట్టింది. "మామ అంతగా చెప్తే ఇనకుండా వచ్చేస్తివే. మామకు ఎంత కష్టం పెడతాండావో చూడు!" అక్క వింటూ కూర్చుంది. నేను వింటూ నిలబడినాను. రెండోసారి కూడా నా నోరు లేవలేదు.

ఎడమకన్ను ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు మా ఇంటికే తీసుకొచ్చినాము. హాల్లో సోఫాలో కూర్చొని చుట్టూ చూసుకుంటూ, "ఇవి తెల్లవా! నేను పసుపు అనుకొనింటినే" అంది బ్లైండ్స్ చూసి. కాసేపటికి లేచి దగ్గరికి పోయి, పెచ్చులూడిన చోట వేలు పెట్టింది. ముఖం చిన్నబోయింది. "ఇది నేను చేసిందేనా అప్పా? ఆ పొద్దు వచ్చిన ఆయప్ప అన్నది నిజమేనా?"

"ఎవరాయప్ప?" అంది మేనకోడలు.

అప్పుడు చెప్పినాను. నా భార్య ముందర, మేనకోడలి ముందర, నిలబడే చెప్పినాను. లిక్విడ్ పోసింది నేనని, పనామెనా అంటే తల ఊపింది నేనని, ఆమె సార్ అని పిలిస్తే కాఫీ తాగింది నేనని. శెనక్కాయ అబద్ధమని. చెప్పడం అయిపోయింది. నా భార్య లేచి వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత వారం రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మేనకోడలు నన్ను చూసిన చూపు నేను వర్ణించలేను. ఆమె ఇప్పటికీ నన్ను మామా అని పిలుస్తుంది, కానీ ముందులాగా కాదు.

"నన్ను కొట్టక్కా" అన్నాను. "అంత కోపమొచ్చి పోయినావా?"

"కోపం యాడిదప్పా" అంది అక్క. "నీకు బిడియమయింది, అంతేకదా. ఆ బట్టల్లో నేనూ అట్లే ఉంటిని. నేను ఉంటే ఇంకోరు వస్తారు, వాళ్ళూ అడుగుతారు. నువ్వు మళ్ళా తల ఊపాల్సొస్తాది. ఒకసారి ఊపినందుకే నువ్వు గదిలో తలుపేసుకొంటివి. అది చూడలేకే పోయింటి."

ఇప్పుడు నెలకోసారి మిట్టేమరికి పోతాను. ఆమె ఒంటికన్నుతోనే అన్నీ చేసుకుంటుంది. మెట్టు ఎంత లోతుందో ఒక కంటికి సరిగా తెలియదంట, గడప దిగేటప్పుడు ముందు కాలితో తడుముకొని దిగుతుంది. నేను చెయ్యి ఇస్తే పట్టుకుంటుంది. పోయిన నెల అరుగు మీద కూర్చొని ఉంటే ఎవరో కొత్త మనిషి దారిన పోతూ, "ఎవరమ్మా వచ్చిండేది?" అని అడిగినాడు. "మా తమ్ముడు, చిక్కబళ్ళాపురంలో పెద్ద ప్రిన్సిపాలు" అంది, ఆ మనిషి అడగని సంగతులు కూడా కలిపి, వీధంతా వినేటట్టు. నేను తల దించుకున్నాను. ఆయన పోయినాక మళ్ళీ ఆ తల ఊపిన మాట ఎత్తబోతే, "అది ఎప్పుడిదో కదప్పా, నీకింకా జ్ఞాపకముండాదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. అక్కకు ఆ శుక్రవారం గడిచి చాలా కాలమైంది. నాకు ఇంకా గడవలేదు.